పొలిమేరలో హాజరు

రెండు వేల ఒకటో సంవత్సరం, కాఫీ పళ్ళు ఎర్రబడే రోజులు. మా గెడ్డపుట్టు డిగ్రీ కాలేజీని ఉంచాలా, ఎత్తెయ్యాలా అన్న ఆలోచన హైదరాబాద్‌లో ఎవరికో వచ్చింది. ఎవరికో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ మనిషి అరకు రైలెక్కి సొరంగాలు చూసి ఉంటాడేమో గానీ గెడ్డపుట్టు మాత్రం చూసి ఉండడు. చూసి ఉంటే ఏదో ఒరిగేదని కాదు. చూసినవాళ్ళు ఏం చేశారో చెప్పడానికే ఇదంతా.

నేనప్పుడు బీఏ రెండో ఏడు. కాలేజీలో కొర్రా సత్యకుమారిని, ఇంట్లో చిట్టిని. మా ఊళ్ళో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లని. ఈ గొప్ప నేను చెప్పుకునేదాన్ని కాదు. మా అయ్య చెప్పుకునేవాడు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

ఆ కబురు మాకు తెలిసిన పొద్దు సంత రోజు. కాలేజీకి సెలవు కాబట్టి అమ్మా, అయ్యా, నేనూ తోటలో పళ్ళు కోస్తున్నాం. అన్ని కాలేజీలకీ ఆదివారం సెలవైతే మాకు సంత రోజు సెలవు. సంత రోజున పిల్లలు చాలామంది తల్లుల వెనక పిప్పళ్ళో, రాజ్మానో, చింతపండో మోసుకుంటూ సంతలోనే ఉంటారు కదా, ఇంక పాఠం ఎవరికి చెప్తారు? అందుకని ఆదివారం, చర్చికి వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చాక, మధ్యాహ్నం నుంచి క్లాసులు జరిగేవి. ఈ కట్టుబాటు చేసింది మా కాలేజీ కమిటీ. కమిటీకి మా అయ్య బుధు పెద్ద. సంతకం రాదు, వేలిముద్రే. ఎవరి గుంటైనా, అంటే ఎవరి ఆడపిల్లైనా, కాలేజీ మానేస్తే మాత్రం కొండ దాటి ఆ ఊరికి వెళ్ళి, తల్లిదండ్రులతో పోట్లాడి మరీ లాక్కొచ్చేవాడు. తిట్లు తిని వచ్చిన రోజులూ ఉన్నాయి.

కింద బండి ఆగిన చప్పుడైంది. కాసేపటికి వరహాలరావు మాస్టారు ఆయాసపడుతూ ఎక్కొచ్చారు. ఆయన మా ప్రిన్సిపాల్. బొబ్బిలి వైపు మనిషి. ఎవరి మీదో కోపం వచ్చి పైవాళ్ళు ఈ కొండల మీదకి తోశారని చెప్పుకునేవారు. తర్వాత దిగిపొమ్మన్నా ఆయన దిగలేదు.

"బుధుగారూ, హైదరాబాద్ నుంచి ఆఫీసర్లు వస్తున్నారంట. కాలేజీ చూడ్డానికి."

"రానీండి సారూ. సూడ్డానికే గదా."

"ఊరికే చూసి పోవడానికి కాదు. పిల్లలు తక్కువున్న కాలేజీలు తీసేసి కింద కాలేజీల్లో కలిపేస్తారంట."

"మనకి తక్కువేటి?"

"తక్కువో ఎక్కువో మీరూ నేనూ అనుకుంటే సరిపోద్దా? ఇదివరకైతే జిల్లాలో ఎవరికో ఓ మాట చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు అన్నీ అక్కడే. వచ్చిన రోజు ఎంతమంది కనబడితే అంతే లెక్క."

అయ్య బుట్ట నడుముకి సర్దుకున్నాడు. "ఏ రోజొత్తన్నారు?"

"వచ్చే బుధవారం."

"సంత రోజు కాదు గదా?"

"కాదు."

"మరింకేటి సారూ! వచ్చీమనండి. ఆ రోజు ఒక్క గుంట ఇంటికాడుండదు. నాను సెప్తన్నాను గదా."

మాస్టారి మొహం కాస్త తేటపడింది. అమ్మ మాత్రం కొమ్మ వంచి పళ్ళు దూస్తూ, నాకే వినపడేట్టు గొణిగింది. "ఈ మనిసి సెప్తే సూరుడు పడమట పొడుత్తాడు మరి."

నవ్వాను గానీ గుండెలో భయం మొదలైంది. కాలేజీ పోతే నా చదువు పోయినట్టే. ఇందులో విడమర్చడానికి ఏం లేదు. ఇంటినుంచి నడిచి వెళ్ళే దూరం కాబట్టి, పొద్దున్న పశువుల పని చూసి, సాయంత్రం వచ్చి తిరగలిలో చోళ్ళు విసిరి, సంత రోజు తోటపని చేసి, ఇన్ని చేశాక చదువుకుంటున్నాను కాబట్టి, అమ్మ ఊరుకుంది. ఘాటీ దిగి కింద ఊళ్ళో ఉండి చదవాలంటే అక్కడ మాకు ఎవరున్నారు? ఏడాదిన్నర ఆగితే డిగ్రీ చేతికొస్తుంది. ఆ ఏడాదిన్నర ఇప్పుడు ఎవరో ముక్కూమొహం తెలీని ఆఫీసర్ల చేతిలో ఉంది.

మంగళవారం సాయంత్రం ఊరి మధ్య బండల దగ్గర కమిటీ కూర్చుంది. లెక్చరర్లు వచ్చారు, చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు వచ్చారు. నేనూ, నా స్నేహితురాలు సోనీ ఓ వారన నిలబడ్డాం. మా అయ్య లేచి, పెద్దాఫీసర్లు ఎప్పుడొచ్చినా అరకు మీదుగానే వస్తారు కాబట్టి, రేపు పిల్లలందరూ అరకు రోడ్డు మీద పొలిమేర దగ్గరికి రావాలన్నాడు.

"పొలిమేరకా? క్లాసుల్లో కదా ఉండాలి?" అన్నారు మాస్టారు.

"సారూ, ఆళ్ళు ఎంత దూరం నుంచి వత్తన్నారు? హైదరాబాద్ నుంచి. అంత దూరం నుంచి వచ్చినోళ్ళని మనం గదుల్లో కూసోని, రా, వచ్చి సూసుకో అంతామా? ఎదురెల్లొద్దా?"

ఇది మీకు వింతగా ఉంటే నేనేం చెయ్యలేను. మా ఊళ్ళో పెద్దమనుషులు వస్తే పొలిమేరలో ఎదురెళ్ళి, కాళ్ళకి నీళ్ళిచ్చి, తుడుం కొట్టి, డింసా ఆడుతూ ఊళ్ళోకి తీసుకొస్తాం. పెళ్ళివారినైనా అంతే, మంత్రినైనా అంతే. ఇంట్లో కూర్చుని రమ్మనడం అంటే వచ్చినవాడి మొహాన ఉమ్మినట్టు.

"కొందర్నైనా క్లాసుల్లో ఉంచుదాం బుధుగారూ. ఆడేవాళ్ళు ఆడతారు, చదివేవాళ్ళు చదువుతారు."

"సగం మందిమి ఎదురెల్తే అది ఏటి మర్యాద? ఆళ్ళు పిల్లల్నే గదా సూడ్డానికొత్తన్నారు. పొలిమేరలోనే అందర్నీ ఒక్కసారి సూపించీద్దాం. కళ్ళారా సూత్తారు. ఇంతమంది ఉన్నారా అని ఆళ్ళే అనుకుంతారు. అక్కడినుంచి ఆడుకుంటా కాలేజీకి తీసుకెల్దాం."

పెద్దలందరూ అదే సరైంది అన్నారు. లెక్చరర్లు సరే అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అదే సబబుగా తోచింది. అంతమందిమి వరసగా నిలబడితే కాదని ఎవడనగలడు? చివరికి మాస్టారూ తలూపారు. కాలేజీ తలుపులు తీసి ఉంచడానికి, వేళకి గంట కొట్టడానికి అటెండరు మల్లేశుని ఒక్కడినీ అక్కడ ఉంచమన్నారు.

బుధవారం మంచు దట్టంగా దిగింది. పొద్దున్నే అందరం పొలిమేర రాయి దగ్గర చేరాం. గుంటలందరం ముడి చీరలు కట్టి, తలలో పూలు పెట్టుకున్నాం. మగపిల్లలు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, తలపాగాలు చుట్టారు. తుడుంవాళ్ళు ఆకుల మంటకి వాద్యాలు కాచుకున్నారు. ఇత్తడి బిందెతో నీళ్ళు, అడ్డాకు దొప్పల్లో నారింజ తొనలు, సీసాలో తేనె. మా అయ్య కొత్త పంచె కట్టి అందరి ముందూ నిలబడ్డాడు. అరకు వైపు రోడ్డు మలుపు మీదే అందరి కళ్ళూ.

మంచులో ఏదీ కనపడదు, చప్పుడే వినపడుతుంది. మొదట చప్పుడు రాగానే తుడుం మొదలెట్టారు, మేం నడుములు పట్టుకుని అడుగేశాం. తీరా చూస్తే కిరసనాయిలు లారీ. డ్రైవరు బిత్తరపోయి, బండి ఆపి, దిగి, అందరికీ దండం పెట్టాడు.

"ఓలమ్మ, ఈడికీ కాళ్ళు కడగండ్రా" అంది సోనీ. కడుపు పట్టుకుని నవ్వాం.

తర్వాత ఓ బస్సు వచ్చింది. దానికీ ఆడాం. ఎండ వచ్చింది, మంచు విడిపోయింది, రోడ్డు ఖాళీగా కనపడింది. మా అయ్య మాత్రం నిలబడ్డచోటు నుంచి కదల్లేదు. మాస్టారు గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు.

అప్పుడు మా వెనక హారన్ మోగింది.

అందరం తిరిగాం. ఊళ్ళోంచి రెండు జీపులు వస్తున్నాయి. ఆఫీసర్లు ముందు రోజు రాత్రి పాడేరులో ఆగారట. పొద్దున్న హుకుంపేట మీదుగా వచ్చారు. మా కాలేజీ ఆ దారిలోనే ఉంది, ఊరికి అవతలి కొసన. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ క్షణానికి ఆ లెక్కలు ఎవరికీ తట్టలేదు. "ఎటునుంచైతే ఏటి, వచ్చినారు గదా! ఇటు తిరగండ్రా" అని మా అయ్య కేకేశాడు. తుడుంవాళ్ళు ఇటు తిరిగారు, మేం ఇటు తిరిగాం.

జీపుల్లోంచి నలుగురు దిగారు. ముందున్న పెద్ద సారు వద్దు వద్దంటూనే ఓ కాలి బూటు విప్పి నీళ్ళు పోయించుకున్నారు. నారింజ తొన నోట్లో వేసుకుని బాగుందన్నారు. వాళ్ళలో ఒక మేడమ్ ఉంది, కళ్ళజోడు, నూలు చీర. డింసా చూసి సరదాపడి, చెప్పులు వదిలేసి వచ్చి నా పక్కన వరసలో చేరింది. నా నడుం చుట్టూ చెయ్యి వేసింది. అడుగులు చూపించాను. బాగానే పట్టుకుంది. ఫోటోగ్రాఫరు ఎదురుగా వచ్చి వంగున్నాడు.

"ఏం చదువుతున్నావు?" అంది తుడుం చప్పుడుని మించిన గొంతుతో.

"సెకండియర్ బీఏ మేడమ్."

"ఎక్కడ, అరకులోనా?"

"ఇక్కడే మేడమ్. మన కాలేజీలోనే."

ఆవిడ అడుగు తప్పింది. "ఈ కాలేజీలోనా? ఇప్పుడే చూసి వస్తున్నాం కదమ్మా. అక్కడ ఎవ్వరూ లేరే."

"మేమే మేడమ్. మేమందరం ఇక్కడున్నాం."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత వరస పొడుగునా చూసింది. "అయ్యో" అంది. ఆ అయ్యో దొంగది కాదు. "సార్ రాసేశారమ్మా."

వరస ఆగలేదు. తుడుం మోగుతుంటే వరస ఆగదు. నా కాళ్ళు వాటంతటవి ముందుకీ వెనక్కీ పడుతూనే ఉన్నాయి. ఓ చుట్టు తిరిగాక గానీ తెలివి రాలేదు. అప్పుడు చెయ్యి విడిపించుకుని, వరస తెంపి, మా అయ్య దగ్గరికి పరిగెత్తాను. ఆట మధ్యలో వరస తెంపకూడదు. ముసలోళ్ళు ఏయ్ ఏయ్ అన్నారు.

"అయ్యా, ఆళ్ళు ముందే కాలేజీకెల్లొచ్చీసినారు. ఎవరూ లేరని రాసీసినారంట."

మా అయ్య నవ్వు మొహంతోనే ఉన్నాడు. "ఏటి సెప్తన్నావే గుంటా? ఇంతమందుంటే ఎవరూ లేరంతారేటి?"

మాస్టారికి మాత్రం అర్థమైంది. తుడుం ఆపమని చెయ్యెత్తి, పెద్ద సారు దగ్గరికి వెళ్ళారు. వెనకే మా అయ్య, ఆ వెనక నేను.

"నాలుగు గదులూ చూశాం మాస్టారూ. ఖాళీ" అన్నారు పెద్ద సారు. కోపంగా అనలేదు, కాస్త అలసటగా అన్నారు. "మీ అటెండర్ని అడిగితే అందరూ డింసాకి వెళ్ళారన్నాడు. పని రోజు, పదిన్నర గంటలకి."

"మీకోసమే సారూ" అన్నాడు మా అయ్య.

"మాకోసం ఆడమని మేం అడిగామా పెద్దాయనా?"

అతిథి అడిగితేనే ఎదురెళ్ళాలా? అలాంటి మాట మా అయ్య పుట్టి బుద్ధెరిగి విని ఉండడు.

మాస్టారు ముందుకొచ్చారు. "సార్, పిల్లలందరూ ఇక్కడే ఉన్నారు. దయచేసి ఇక్కడే లెక్కపెట్టుకోండి." అని, మావైపు తిరిగి, రోడ్డు మీద వరసగా నిలబడమన్నారు. రిజిస్టరు కాలేజీలో ఉంది. ఆయన జ్ఞాపకం మీదే పేర్లు పిలవడం మొదలుపెట్టారు. "కిల్లో సోనీ." "ప్రెజెంట్ సార్." "పాంగి ధనుంజయ్." "ప్రెజెంట్ సార్." పూలు పెట్టుకుని, తలపాగాలు చుట్టుకుని, నడి రోడ్డు మీద ఒక్కొక్కళ్ళం చెయ్యెత్తుతున్నాం. నా పేరు పిలిచినప్పుడు నేనూ అరిచాను. అంత గట్టిగా క్లాసులో ఎప్పుడూ పలకలేదు.

సారు కాసేపు విన్నారు. తర్వాత మాస్టారి భుజం మీద చెయ్యి వేశారు. "మాస్టారూ, ఇది రోడ్డు. రోడ్డు మీద హాజరు తీసుకోమని ఏ జీవోలో ఉంది చెప్పండి? నేను రాసినా అక్కడ ఒప్పుకోరు. ఇంకో మాట. రిజిస్టరులో ఆదివారాలు క్లాసులు జరిగినట్టు వేశారు మీరు. ఆదివారం సెలవు కదా. సెలవు రోజు జరిగింది లెక్కలోకి రాదు."

"మాకు సంత రోజు సెలవు సారూ" అన్నాడు మా అయ్య.

"సంత ఏమిటి?" అన్నారాయన.

సంతేమిటని అడిగినవాడికి సంత గురించి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలి?

"చూద్దాం. పైన మాట్లాడతాను" అని సారు జీపెక్కారు. మధ్యాహ్నంలోపు గుహలు చూసి, కిందికి దిగాలట. మేడమ్ చెప్పులు వేసుకుని, నావైపు రెండుసార్లు చూసి తనూ ఎక్కింది. తేనె సీసా మా అయ్యే పరిగెత్తి వెళ్ళి జీపులో పెట్టాడు. ఇవ్వాలనుకున్నది ఇవ్వకుండా ఎలా ఉంటాడు?

రెండ్రోజులకి పేపర్లో ఫోటో వచ్చింది. గిరిజన విద్యార్థినులతో అడుగు కలిపిన అధికారులు అని కింద రాశారు. సోనీ సంతలో పొట్లం కట్టిన కాగితంలో చూసి, చింపి తెచ్చింది. అందులో మేడమ్ పక్కన నేను నవ్వుతున్నాను. ఆ నవ్వు ఎప్పుడు నవ్వానో నాకు గుర్తులేదు. చూసి సోనీకే ఇచ్చేశాను.

తర్వాత రోజులు ఎలా గడిచాయంటే, గడిచాయి. మా అయ్య పాడేరు వెళ్ళాడు, విశాఖపట్నం వెళ్ళాడు. అర్జీల మీద వేలిముద్రలు వేశాడు. ఎక్కడికెళ్ళినా కూర్చోబెట్టి టీ ఇచ్చేవారట. "మా చేతిలో ఏం లేదు బుధూ, అంతా హైదరాబాదే" అనేవారట. మన కాలేజీ గురించి మన జిల్లావాళ్ళ చేతిలోనే లేకపోతే ఇంక ఎవరి చేతిలో ఉంటుందని ఇంటికొచ్చి మమ్మల్ని అడిగేవాడు. మేమేం చెప్తాం? క్లాసులు నడుస్తూనే ఉన్నాయి. ఇప్పుడు ఆదివారం సెలవు, సంత రోజు పని. సంత రోజు నేనూ, సోనీ, ఇంకో ఇద్దరు ఉండేవాళ్ళం. మాస్టారు నలుగురికీ పాఠం చెప్పేవారు. గొంతు మాత్రం తగ్గించేవారు కాదు.

జనవరి ఆఖర్లో ఆర్డరొచ్చింది. గెడ్డపుట్టు కాలేజీ మూసివేసి ఘాటీ కింద కాలేజీలో కలపడమైనదని అందులో ఉందన్నారు మాస్టారు. ఆయన్ని శ్రీకాకుళం అవతలికెక్కడికో వేశారు. వెళ్ళేముందు మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "కింద కాలేజీకి వెళ్ళమ్మా, మానకు. వాళ్ళు చేర్చుకోవాలి, కలిపారు కదా" అన్నారు. టీసీ నా చేతికిచ్చారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు. రావాలని ఎదురుచూశాను కూడా. చలికి మొద్దుబారిన వేళ్ళతో పళ్ళు కోస్తున్నప్పుడు పుల్ల గుచ్చుకున్నా తెలీదు, అలా ఉండేది నా లోపలంతా.

లారీ వచ్చి బెంచీలు, బీరువాలు ఎక్కించుకుపోయింది. మల్లేశు తాళం వేసి, తాళంచెవి ఎవరికివ్వాలో తెలీక మా అయ్యకి ఇవ్వబోయాడు. మా అయ్య చెయ్యి చాపలేదు.

ఊళ్ళో ఒక్కళ్ళూ మా అయ్యని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. బండల దగ్గర కూర్చున్నప్పుడు ఆయన వస్తే జరిగి చోటిచ్చేవారు, అంతే. కాలేజీ ఊసు తెచ్చేవారు కాదు. కొన్నాళ్ళకి ఆయనే వెళ్ళడం మానేశాడు. కాఫీ పళ్ళు తొక్క తీసి, కడిగి, వాకిట్లో ఆరబోసుకుంటూ పొద్దంతా అక్కడే కూర్చునేవాడు. ఓ రోజు అమ్మ అరిచింది. "ఊరందరి గుంటల్నీ తీసుకెల్లి ఆడించినావు. ఇప్పుడు ఏటి సేత్తన్నావు? గింజలు లెక్కెట్టుకుంతన్నావు!" అమ్మే కాసేపటికి అంబలి గిన్నె తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది. నాకు ఆయన మీద కోపం రావాలి కదా? కోపం కాదు, జాలీ కాదు. ఆ మనిషిని చూస్తే ఇంట్లో ఎవరో కొత్తవాళ్ళు ఉన్నట్టుండేది.

సోనీ టీసీ పెట్టెలో పెట్టేసింది. "నాను కిందకెల్లను. మా అమ్మ సంపేత్తాది" అంది. మిగతా గుంటలు కూడా అంతే. మగపిల్లలు ఒకరిద్దరు విశాఖపట్నం కూలికి పోయారు.

ఫిబ్రవరిలో, ఆఖరి కోత అయిపోయాక, ఓ పొద్దున్న మా అయ్య కొత్త పంచె కట్టుకుని, "రడీ అవ్వు సిట్టీ. బేగి. కింద కాలేజీకెల్దాం" అన్నాడు.

"ఎక్కడుంటాది? ఏటి తింటాది?" అంది అమ్మ.

"ఆస్టల్లో ఉంటాది. లేకపోతే ఎవరి కాళ్ళో పట్టుకుంతాను. దీని సదువు మాత్రం మాన్పను సోములా. దీనిదైనా" అన్నాడు అయ్య, అమ్మని పేరు పెట్టి పిలిచి.

దీనిదైనా అన్న ఆ ఒక్క మాటతో ఇన్నాళ్ళూ ఆయన వాకిట్లో కూర్చుని ఏం ఆలోచిస్తున్నాడో తెలిసింది. అమ్మ నా చీర మడత పెట్టి సంచిలో పెట్టింది.

బస్సు ఘాటీ దిగుతుంటే చెవులు దిబ్బడ వేశాయి. కింద ఎండ అప్పుడే మండుతోంది. కాలేజీ పెద్దది, మేడ, గేటు. ఆఫీసు గదిలో ఓ పెద్దావిడ, గుమాస్తా. మంచావిడే. మంచినీళ్ళిచ్చి, వరండాలో కూర్చోమంది. వరండాలో బెంచీలున్నాయి. కూర్చున్నాక చూస్తే మా బెంచీలే. చివరి దాని మీద సోనీ గోటితో చెక్కుకున్న పేరుంది. అయ్యకి చెప్పలేదు.

మా వంతొచ్చాక టీసీ ఇచ్చాను. ఆవిడ చూసింది, ఓ ఫైలు తీసి తిరగేసింది, మళ్ళీ నన్ను చూసింది.

"గెడ్డపుట్టు నుంచా? అక్కడినుంచి సామాను వచ్చిందమ్మా. బెంచీలు, బీరువాలు, బోర్డులు. పిల్లలు లేరని ఉంది."

"లేరేటమ్మా? ఇది వచ్చింది గదా" అన్నాడు మా అయ్య.

"నాకు తెలుస్తంది పెద్దాయనా. కానీ తనిఖీలో పిల్లలెవరూ లేరని రాసినారు. లేరు కాబట్టే మాకు సీట్లు పెంచలేదు. లేని పిల్లల్ని నానెలగ సేర్చుకోను? మా ప్రిన్సిపాల్‌గారు సేర్చుకుందామన్నా ఆయన సేతిలో లేదు. హైదరాబాద్ నుంచి ఆర్డరు తెచ్చుకోండి. లేదంటే జూన్‌లో మళ్ళీ ఫస్టియర్‌కి పెట్టుకోండి, సీటొస్తే."

మా అయ్య నా జబ్బ పట్టుకుని ఆవిడ బల్ల ముందుకి లాగాడు. చిన్నపిల్లని లాగినట్టు. "సూడమ్మా. సరిగ్గా సూడు. నా కూతురు. నీ ఎదర నిలబడున్నాది. లేదని ఎలగ అంతావు?"

"నాను లేదన్లేదయ్యా" అంది ఆవిడ. గొంతు తగ్గించి అంది. "నాను లేదన్లేదు."

వెనకవాళ్ళు తోసుకొస్తున్నారు. పక్కకి జరిగాం. మళ్ళీ వరండాలోకి వచ్చి కూర్చున్నాం. మా అయ్య నావైపు తిరిగాడు.

"ఏటి సేద్దాం సిట్టీ?"

ఊరందరికీ ఏం చెయ్యాలో చెప్పే మనిషి. ఇంకొకళ్ళని ఈ మాట అడగడం నేనెప్పుడూ వినలేదు. హైదరాబాద్ వెళ్దామా అయ్యా అని అనొచ్చు. జూన్‌లో వస్తానని అనొచ్చు. నాకు మాత్రం నాలుగ్గంటల బస్సు ఒక్కటే గుర్తొచ్చింది.

"ఇంటికెల్దాం అయ్యా" అన్నాను. నా చదువు అక్కడితో ఆగింది.

మేం లేవగానే ఎక్కణ్ణుంచో ఇద్దరు ఆడపిల్లలు పుస్తకాలతో వచ్చి ఆ బెంచీ మీద కూర్చోబోయారు. ముసలాయన్ని చూసి ఆగారు, కూర్చోండి తాతా అన్నారు. మా అయ్య తలపాగా తీసి బెంచీ మీద దుమ్ము దులిపాడు.

"కూసోండమ్మా" అన్నాడు. "కూసోండి. బెంచీలు మీయే."